నువ్వుగింజంత గుంట

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు నువ్వుగింజంత ఉంటుంది. అంతకన్నా పెద్దవి చేయలేదని కాదు. ఒకసారి తీగ చుట్టిన రీలును స్టాండుకు సరిగ్గా బిగించకుండా వదిలేస్తే, అది షెడ్డు దాటి, గేటు దాటి, రోడ్డు మీద పోతున్న మేకల మందలోకి దొర్లింది. అట్లాంటి తప్పులు అందరికీ కనిపిస్తాయి. నలుగురూ తిట్టి, నలుగురూ సరిచేసి, సాయంత్రానికి మరిచిపోతారు. ఈ నువ్వుగింజ మాత్రం మూడు నెలలు ఎవరికీ కనిపించకుండా మా షెడ్డు మొత్తాన్ని తిప్పలు పెట్టింది. ఒకమ్మాయి ఉద్యోగానికే ఎసరు తెచ్చింది. ఇప్పుడిప్పుడే మిషన్ల దగ్గర నిలబడుతున్న పిల్లలు మీరు, మీకు పనికొస్తుందేమోనని చెప్తున్నాను. పనికిరాకపోయినా పర్వాలేదు. తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, అందుకైనా చెప్పాలి.

నాది పెనుకొండ. పొద్దున బస్సెక్కి సోమందేపల్లి మీదుగా హిందూపురం పోవడం, సాయంత్రం అదే దారిన రావడం, ఇదే నా జీవితం. మొదటి ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడ ఒక తీగల ఫ్యాక్టరీలో గడిచాయి. వేలంత లావు కడ్డీ ఇస్తే వెంట్రుకంత తీగ లాగి ఇచ్చేవాణ్ణి. తీగను రెండు రోలర్ల మధ్య పెట్టి పట్టీగా నలిపేవాణ్ణి. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నా అభిప్రాయం. దాన్ని రోజూ నలుగురికీ చెప్పి చెప్పి వాళ్ళ అభిప్రాయం కూడా చేశాను. చివరి ఆరేళ్ళు పక్క వీధిలో కొత్తగా పెట్టిన ఒక చిన్న యూనిట్లో పనిచేశాను. అక్కడ చేసేది మామూలు తీగ కాదు.

కరెంటు పోతుంటే ఏ తీగైనా వేడెక్కుతుంది. మరీ ఎక్కువ పంపితే కాలిపోతుంది. కొన్ని పదార్థాలను మాత్రం బాగా చల్లబరిస్తే, అంటే ఐసు కూడా దాని ముందు పొయ్యిలా అనిపించేంత చల్లబరిస్తే, అవి కరెంటుకు అసలు అడ్డే చెప్పవు. వేడి పుట్టదు. అట్లాంటి తీగను చుట్టగా చుడితే, రాగితో ఎప్పటికీ సాధ్యం కానంత బలమైన అయస్కాంతం వస్తుంది. ఈ పదార్థాల్లో ఇనుముతో చేసే రకం ఒకటి మా కాలంలో వచ్చింది. పక్కన ఎంత బలమైన అయస్కాంతం ఉన్నా దాని గుణం అంత తొందరగా పోదు. దాన్ని పొడవాటి పట్టీగా చేసి ఒక పెద్ద పరిశోధన ల్యాబుకు ఇవ్వాలి. అదీ మా పని.

ఇనుమంటే మీరు మేకులు, గడపారలు అనుకోవద్దు. ఇనుము, బేరియం, పొటాషియం, ఆర్సెనిక్ అనే పాషాణం కలిపి కాల్చి నూరిన నల్లటి పొడి అది. ఆ పొడిని వెండి గొట్టంలో గట్టిగా కూరి, మూతులు మూసి మా చేతికిస్తారు. మేం దాన్ని లాగి లాగి సన్నం చేసి, పైన ఇంకో గొట్టం తొడిగి మళ్ళీ లాగి, చివరికి రోలర్లలో నలిపి గోరంత మందం పట్టీ చేస్తాం. తర్వాత ఫర్నేసులో కాలిస్తే లోపలి పొడి ఒకటిగా అతుక్కుని కరెంటుకు దారి ఇస్తుంది. వంద మీటర్ల పట్టీలో ఈ కొస నుంచి ఆ కొస వరకూ ఆ పొడి ఒకే మందంలో ఉండాలి. ఒక్కచోట నలిగినా, చిట్లినా, మిగతా పొడవంతా ఉండీ లేనట్టే.

పొడి చేసే బాధ్యత ఒకమ్మాయిది. తలుపుల అనే ఊరి దగ్గర పల్లె ఆమెది. శనక్కాయ పండించే ఇంట్లో పుట్టి, పెద్ద చదువు చదివి, ఊరికి దగ్గరని ఈ ఉద్యోగానికి వచ్చింది. అందరం పొడి మేడం అనేవాళ్ళం. ఆ పొడికి గాలి తగలకూడదు, మనిషికి ఆ పొడి తగలకూడదు. అందుకని ఒక గాజు పెట్టె, దానికి మోచేతుల దాకా రబ్బరు గ్లవుజులు, లోపల ఆర్గాన్ గ్యాసు. పొద్దస్తమానం ఆ గ్లవుజుల్లో చేతులు పెట్టి నిలబడేది. రోలింగు మిషన్ మీద నా జతగాడు సోమందేపల్లి మనిషి. ఆమె వచ్చిన మొదటి వారం తన డబ్బాలో చిత్రాన్నం పెడితే వాడు ముట్టలేదు.

“పాషాణం పట్టిన చేత్తో పెడతాండాది కదప్పా,” అని నా చెవిలో గొణిగాడు.

ఆమెకు వినిపించింది. “మీరు సచ్చిపోతే పట్టీ ఎవరు నలుపుతారన్నా? ఆ మాత్రం ఆలోచన నాకుండాది. తినండి,” అంది.

ఆ రోజు నుంచి ఆ డబ్బా మా ముగ్గురిదీ అయింది. ఆమెకు మిగిలేది తక్కువ.

ఆ సంవత్సరం దసరాకు కొంచెం ముందు బెంగళూరు నుంచి కొత్త రోలర్లు వచ్చాయి. అద్దంలా మెరుస్తున్నాయి. పట్టీకి చివరి నలుగుడు వాటితోనే. నేను వాటిలో మొహం చూసుకుని మీసం దువ్వుకుంటుంటే, మా మేనేజరు చూసి, చూడనట్టు పోయాడు. ఆయనది మడకశిర వైపు. కోపమొస్తే కన్నడం, సంతోషమొస్తే తెలుగు మాట్లాడే మనిషి.

ఆయుధపూజ రోజు షెడ్డు కడిగాం. మిషన్లకు బంతిపూలు, విభూతి, కుంకుమ. గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ. లారీలకూ బండ్లకూ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు కదా. రోలింగు మిషన్‌కు చక్రాలెక్కడివి? అందుకని పాత ఫ్యాక్టరీలో నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రెండు రోలర్ల మధ్య నిమ్మకాయ పెట్టి, చేత్తో ఒక్క తిప్పు తిప్పేవాణ్ణి. నిమ్మకాయ చిట్లి రసం కారేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు అట్లాగే చేశాను. ఆ పాత రోలర్లు ఎంత మోటువంటే, వాటిని ఏ నిమ్మకాయా ఏమీ చేయలేకపోయింది. ఇక్కడా అదే చేశాను. జతగాడు చర్చికి పోయే మనిషి. పూజలో నిలబడడు గానీ, మిషన్ తుడవడంలో, గుగ్గిళ్ళు తినడంలో అందరికన్నా ముందుంటాడు. వాడు గుడ్డ పట్టుకొచ్చాడు.

“పులుపు కారతాండాదప్పా. బాగా తుడిచేదా?”

“దేవుని నిమ్మకాయరా. పైపైన తుడువు చాలు,” అన్నాను.

తలుపులు మూసి అందరం మూడు రోజులు సెలవుల్లో పోయాం. ఆ మూడు రోజులూ ఒక బొట్టు రసం ఆ అద్దం లాంటి రోలర్ మీద కూర్చుని తీరిగ్గా తన పని తాను చేసుకుంది. ఇదే ఆ తప్పు. మీకు ఇప్పుడే చెప్పేశాను. మాకు తెలియడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

సెలవులయ్యాక వంద మీటర్ల పట్టీ తీశాం. రెండు కొసల్లో చిన్న ముక్కలు కోసి, కాల్చి ల్యాబుకు పంపాం. బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. అప్పుడు మొత్తం పట్టీని కాల్చి, చుట్టగా చుట్టి పంపాం. వారానికి ఫోనొచ్చింది. చుట్ట చల్లబరిచి కరెంటు పెంచుతుంటే, ముక్కలు మోసినదాంట్లో సగం కూడా మోయకుండా చేతులెత్తేసిందట.

మేనేజరు నా దగ్గరకు వచ్చాడు. “ఏమప్పా, రోలింగులో ఏమన్నా తేడా వచ్చినాదా?”

“రోలింగులోనా సార్?” అన్నాను. ఆ రెండు మాటలు ఎట్లా అన్నానో మీరు విని ఉండాల్సింది. ఆయన అడిగినందుకు ఆయనే సిగ్గుపడ్డాడు. “కొసలు బాగుండాయి, నడుమ బాగలేదు అంటే పొడి ఒక్క తీరుగా లేదనే కదా సార్. కూరేటప్పుడు ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పడినాదేమో.”

అంతే. నేను చెప్పాను కాబట్టి అది నిజమైపోయింది.

పొడి మేడం మళ్ళీ పొడి చేసింది. ఇంకా ఎక్కువసేపు నూరింది. గొట్టంలో చెంచా చెంచాకూ తూకం వేసి కూరింది. మేం మళ్ళీ లాగి, నలిపి పంపాం. మళ్ళీ అదే కథ. ముక్కలు బాగుండటం, చుట్ట పోవడం. ఆమె పట్టీని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసేది. ఎక్కడ కోసినా పొడి చక్కగానే ఉండేది.

“నా పొడి బాగుండాది సార్,” అని మేనేజరుతో అంది ఒకరోజు, నా ముందే.

“మరి ల్యాబులో ఎందుకు పోతాండాదమ్మా?” అన్నాడాయన.

ఆమె నా వైపు చూసింది. అనుభవం ఉన్నవాణ్ణి, ఏదన్నా చెప్తానేమోనని. నేను గ్రీజు డబ్బా మూత బిగిస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత అన్నం డబ్బా మా దగ్గరకు రాలేదు. ఆమె తన గదిలోనే తిని, తన గదిలోనే ఉండేది. పొద్దున వచ్చి “బాగుండారా పెద్దాయనా” అనే మాట కూడా పోయింది. నిజం చెప్పాలంటే ఆ మాట లేనిదే నాకు ఆ పూట పని మొదలైనట్టు ఉండేది కాదు. అయినా తప్పు నా వైపు ఉండొచ్చని ఒక్క నిమిషం కూడా అనిపించలేదు. చేయి తిరిగినవాడికి వచ్చే జబ్బు అది.

మూడో చుట్ట కూడా పోయాక మేనేజరు అందరినీ పిలిచి చెప్పాడు. వచ్చే బుధవారం ల్యాబు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. పొడిని బయట కొనేసి, ఇక్కడ పొడి గది మూసేయాలని వాళ్ళ ఆలోచన. గది మూసేస్తే మేడం ఉద్యోగమూ పోయినట్టే. ఆమె తల వంచుకుని వింది. జతగాడు నన్ను చూశాడు, నేను గోడను చూశాను.

ఆ ఆదివారం నేనూ నా భార్యా ధర్మవరం పోయాం. అది ఆమె పుట్టిల్లు. పట్టుచీరల నేత వాళ్ళది. మా బామ్మర్ది కొత్త మగ్గం పెట్టుకుని, వచ్చి చూసిపొమ్మన్నాడు. మేం పోయేసరికి వసారాలో ఒక చీర పరిచి తండ్రీకొడుకులు వాదించుకుంటున్నారు. చీర నిండా చిన్న చిన్న బుటాలు. ప్రతి బుటాలోనూ ఒకేచోట ఒక పోగు తప్పి పోతోంది. సన్నటి గీత. దగ్గరికి పోతే తప్ప కనిపించదు.

“పట్టు బాగలేదు నాయనా,” అంటున్నాడు బామ్మర్ది. “పట్టు ఇచ్చినోడిని పిలిచి అడగాల. పోగు యాడపడితే ఆడ తెగతాండాది.”

మా మామకు ఎనభై దాటాయి. చూపు తక్కువ. ఆయన చీర పక్కన గొంతుకూర్చుని, బొటనవేలూ చిటికెనవేలూ చాపి జాన పెట్టాడు. ఒక బుటా గీత మీద బొటనవేలు, తర్వాతి బుటా గీత మీద చిటికెనవేలు. ఇంకో జాన. మళ్ళీ సరిగ్గా గీత. అట్లా చీర పొడుగునా పాకుతూ పోయాడు.

“యాడపడితే ఆడ యాడ తెగతాండాదిరా? జానకొకటి వస్తాండాది,” అన్నాడు. “పోగుకు జాన లెక్క ఎట్ల తెలుస్తాది? తెలిసేది మగ్గానికే. జాకార్డు అట్ట చూడుపో. ఒక చిల్లి తప్పు కొట్టించుకున్నావు.”

ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే ఆ చిల్లుల అట్టలను బామ్మర్ది దించి చూశాడు. ఒక అట్టలో ఉండాల్సిన చిల్లి లేదు. “నువ్వు చెప్పినదే నిజం నాయనా,” అని తల గోక్కున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నా చేతిలో ఓళిగ ఉంది, మొదటి ముక్క నోట్లో ఉంది. అది దిగలేదు. లెక్కగా వచ్చే తప్పు పోగుది కాదు, మగ్గానిది. అట్లా అయితే నా పట్టీలో తప్పు లెక్కగా వస్తోందో, లెక్క లేకుండా వస్తోందో నేను ఎప్పుడైనా చూశానా? మూడు నెలల్లో ఒక్కసారి కూడా చూడలేదు.

“ఏమైనాది, ఓళిగ బాగలేదా?” అంది నా భార్య.

“ఓళిగ బాగుండాది. నేనే బాగలేను,” అన్నాను.

సోమవారం మొదటి బస్సుకే పోయాను. సోమందేపల్లిలో ఎక్కిన జతగాడికి దారిలో అంతా చెప్పాను. మూడోసారి ల్యాబుకు పంపగా కాల్చకుండా మిగిలిన ముప్పై మీటర్ల పట్టీ రీలు మీద ఉంది. దాన్ని షెడ్డు నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడకు పరిచాం. నేరుగా చూస్తే ఏమీ లేదు. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేట్టు వంగి చూశాను. ఒకచోట చుక్క. చాలా చిన్నది, కొంచెం పైకి లేచి ఉంది. జతగాడు అక్కడ నేల మీద సుద్దముక్కతో గీత పెట్టాడు. రెండడుగుల చిల్లర పోయాక ఇంకొకటి. మళ్ళీ అంతే దూరంలో ఇంకొకటి. గోడ దగ్గరికి పోయేసరికి నేలంతా సుద్ద గీతలు, కొలిచి పెట్టినట్టు. ఒక దారం తీసుకుని రోలర్ చుట్టూ చుట్టి కొలిచాను. గీతకూ గీతకూ ఉన్న దూరమే.

రోలర్ మీద దూది పెట్టి మెల్లగా జరిపాను. ఒకచోట దూది పోగు తట్టుకుంది. వంగి చూస్తే నువ్వుగింజంత గుంట. దాని అంచున తుప్పు రంగు. ఆ గుంటలోకి పట్టీ ఉబ్బి, లోపల పొడి అక్కడ చెదిరి, కాల్చినప్పుడు చిట్లుతోంది. వంద మీటర్లలో నూట యాభై చోట్ల. కొసల్లో కోసిన ముక్కలు చిన్నవి కాబట్టి ప్రతిసారీ ఆ చుక్కను తప్పించుకున్నాయి.

నేనూ జతగాడూ ఒకరినొకరం చూసుకున్నాం.

“నిమ్మకాయప్పా,” అన్నాడు వాడు మెల్లగా.

పక్కనున్న రీలు మీద కూర్చున్నాను. సిగ్గు, భయం, అన్నీ ఒకేసారి వచ్చాయి. ఇంకో నాలుగు నెలల్లో రిటైరు కావాల్సినవాణ్ణి.

మేనేజరు ఆ రెండు రోజులూ ఊళ్ళో లేడు. ఆ రెండు రోజుల్లో నా తల చాలా చురుగ్గా పనిచేసింది. రోలర్ మీద గుంట ఉందని చెప్పాల్సిందే, మేడంను కాపాడాల్సిందే. అంతవరకు నిజాయితీపరుణ్ణే. గుంట ఎట్లా వచ్చిందో ఎందుకు చెప్పాలి? రోలర్లు చేసినవాళ్ళే అట్లా పంపారంటే సరిపోతుంది. బెంగళూరులో ఉన్నారు, ఇక్కడికి వచ్చి కాదనేది లేదు. జతగాడికి చెప్పాను. “నీ ఇష్టమప్పా. నన్ను అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పను,” అన్నాడు. మంగళవారం సాయంత్రానికి నా అబద్ధం నాకే నిజమనిపించసాగింది. మొదటి నుంచీ ఆ రోలర్ల మీద నాకు అనుమానమేనని కూడా అనుకున్నాను.

బుధవారం ల్యాబు నుంచి ముగ్గురొచ్చారు. అందులో పెద్దాయన తల నెరిసిన సైంటిస్టు, మెత్తటి మనిషి. మేనేజరు లెక్కలన్నీ చూపించాడు. పొడి మేడం చివర కుర్చీలో కూర్చుంది, ఒడిలో తన నోటుపుస్తకాలు. అప్పటికే గదిలోనివన్నీ అట్టపెట్టెలకు సర్దేసింది. నేను లేచాను. పట్టీ పరిచి చూపించాను. సుద్ద గీతలు, దారం, దూది, అన్నీ చూపించి, “పొడిలో తప్పు లేదు సార్. రోలర్ చేసినోళ్ళు గుంటతో పంపినారు,” అన్నాను.

సైంటిస్టు వంగి గుంటను చూసి తల ఊపాడు. మేనేజరు నా భుజం తట్టాడు. అంతటితో అయిపోయి ఉండేది. పొడి మేడం లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు.

“సార్, మూడు నెలలుగా నా మాట ఎవరూ ఇనలేదు,” అంది సైంటిస్టుతో. “ఈ పెద్దాయన ఒక్కడే పట్టు వదలకుండా చూసి నా పొడిని నిలబెట్టినాడు. ఈయన రుణం నేను తీర్చుకోలేను.”

ఎన్ని తిట్లయినా తిని ఉండేవాణ్ణి. ఈ మాట మాత్రం తట్టుకోలేకపోయాను.

“కూర్చోమ్మా,” అన్నాను. “నీ పొడి బాగలేదని మొదట చెప్పింది నేనే. రోలర్ చేసినోళ్ళ తప్పు కూడా కాదు. నిమ్మకాయ వల్ల వచ్చినాది సార్.”

“ఏ నిమ్మకాయ?” అన్నాడు సైంటిస్టు.

చెప్పాను. ఆయుధపూజ, ఒక తిప్పు, చప్పట్లు, పైపైన తుడవడం, మూడు రోజుల సెలవు, అన్నీ. మేనేజరు మొహంలో కన్నడం వచ్చేసింది గానీ, బయటివాళ్ళున్నారని మింగాడు. సైంటిస్టు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి ఎవరికో కలిపాడు.

“మన దగ్గర మొన్న ఆయుధపూజకు నిమ్మకాయలు ఎక్కడెక్కడ పెట్టారు?” అని అడిగాడు. అవతలివాళ్ళు ఏదో చెప్పారు. “అన్నీ చెప్పు. ఒక్కటి కూడా వదలొద్దు. పెద్ద అయస్కాంతం చుట్టే మిషన్ మీద ఏమన్నా పెట్టారా?”

ముందు జతగాడు నవ్వాడు. తర్వాత ల్యాబు నుంచి వచ్చిన మిగతా ఇద్దరు. చివరికి మేనేజరు కూడా తెలుగులో నవ్వాడు. నవ్వనిది ఒక్క మేడమే.

“మూడు నెలలు పెద్దాయనా,” అంది నా కళ్ళలోకి చూసి. “మూడు నెలల్లో ఒక్కసారన్నా మీ రోలర్ చూసుకుంటిరా?”

“లేదమ్మా,” అన్నాను. “నాది తప్పు కాదనే గర్వం తల్లీ. నన్ను మన్నించు.” నాకన్నా ముప్పై ఏళ్ళు చిన్నది. అందరి ముందు అనడం కష్టంగానే ఉంది. అన్నాక మాత్రం ఒళ్ళు తేలికైంది.

ఆమె తన గదికి వెళ్ళిపోయింది. సైంటిస్టు మాత్రం ఇంకొక్క చుట్ట చూద్దాం అన్నాడు. ఈసారి పోతే పొడి గది మూతే. బాగుంటే ఈ పొడే, ఈ పట్టీయే, ఇక్కడే.

రోలర్లు బెంగళూరు పోయి, కొత్త పాలిష్‌తో తిరిగొచ్చాయి. ఆ రోజు మేడం తనంతట తాను మా షెడ్డుకు వచ్చింది. “దూది ఇయ్యండి,” అంది. రోలర్ మొత్తం ఒక్కో వేలు మేర తనే దూది జరిపి చూసుకుంది. నేను పక్కన నిలబడి, దూది ఎంత మెల్లగా జరపాలో చెప్పాను. “మీరు చెప్పొద్దు, చూపించండి,” అంది. చూపించాను. అయ్యాక, “రేపు మీరు నా గదికి రండి,” అంది.

మర్నాడు నా చేతులు ఆ రబ్బరు గ్లవుజుల్లో పెట్టించింది. ఒక చెంచా పొడిని వెండి గొట్టంలోకి ఒలక్కుండా పొయ్యమంది. ముప్పై నాలుగేళ్ళు ఇనుముతో ఆడిన చేతులు ఆ గ్లవుజుల్లో పసిపిల్లాడి చేతులైపోయాయి. సగం పొడి పెట్టెలోనే ఒలికింది. చెమటతో చొక్కా తడిసింది.

“ఇట్లాంటివి మూడు గొట్టాలు చేస్తిని, మీరు నోరు తెరవకముందు,” అంది. అప్పుడు నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు మధ్యాహ్నం డబ్బా మా షెడ్డుకు వచ్చింది. చిత్రాన్నమే. జతగాడు అందరికన్నా ముందు చెయ్యి పెట్టాడు.

పట్టీ తీసిన రోజు మేమంతా నేల మీద మోకాళ్ళ మీద పాకాం. మేనేజరు కూడా ప్యాంటు పైకి లాక్కుని పాకాడు. వంద మీటర్లలో ఒక్క చుక్క లేదు. చుట్టను తీసుకుని మేడమే ల్యాబుకు పోయింది.

పరీక్ష రోజు పొద్దున పదకొండింటికి ఫోన్ చేసింది. మేనేజరు తన ఫోన్ తెచ్చి రోలింగు మిషన్ బల్ల మీద పెట్టి స్పీకరు ఆన్ చేశాడు. చుట్టూ మేం నలుగురైదుగురం. మిషన్లన్నీ ఆపేశాం. ఫోన్లో దూరంగా ఏదో పంపు చప్పుడు, ఎవరో అంకెలు చదవడం. ఆమె అంకెలు చెప్పలేదు. మా పాత చుట్టలు ఎక్కడ పోయాయో ఆ గుర్తులే చెప్పింది.

“మొదటిది పోయిన కాడికి వచ్చినాం,” అంది. కాసేపటికి, “దాటినాం.”

జతగాడు కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తున్నాడు. మేనేజరు కన్నడంలో ఏదో అనుకుంటున్నాడు. కోపమో భక్తో తెలియలేదు. నేను రోలర్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

“రెండోది దాటినాం. మూడోది కూడా దాటినాం. ముక్కలు ఎంత మోసినాయో అంతకు వస్తాండాం.” మళ్ళీ ఆమె మాటే వినిపించింది. “వచ్చేసినాం పెద్దాయనా. ఇంకా నిలబడే ఉండాది. ఇంకా పెంచుతాండారు.”

ఒక నిమిషం గడిచింది. తర్వాత ఫోన్లో పంపు చప్పుడు మాత్రమే మిగిలింది. అంకెలు చదివే గొంతు ఆగిపోయింది.

“ఏమైనాదమ్మా?” అన్నాను. “పోయినాదా?”

“పట్టీ పోలేదు.” ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “కరెంటిచ్చే మిషనే ఇచ్చేంత ఇచ్చేసి నిలిచిపోయినాది.”

“ఇంకొంచెం పెంచమను తల్లీ, చూద్దాం,” అన్నాను.

“పెంచేదానికి వీళ్ళ కాడ ఇంక లేదంట పెద్దాయనా.”